బ్రేకుల్లో గాలి

ఫిజిక్స్ మాస్టారికి పొద్దున్నే కాఫీ కంటే ముందు కారు కావాలి. పాత బనీను గుడ్డ ఒకటి భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చి, అద్దాలు తుడిచి, టైర్లను కాలితో తన్ని చూసి, బానెట్ ఎత్తి లోపలికి రెండు నిమిషాలు తొంగిచూస్తే గాని ఆయనకి తెల్లారినట్టు ఉండదు. ఏడాదిగా ఆ కారు మీద బయటివాడి చెయ్యి పడలేదు. ఆయిల్ మార్చినా, బల్బు మార్చినా అంతా తనే.

"ఫోనులో విప్పి మరీ చూపిస్తుంటే చూసి చేసుకోలేమా? చదువుకున్నవాడికి రాని విద్యా అది?" అనేవాడు స్టాఫ్ రూములో, గోళ్ళ సందుల్లో మిగిలిన నలుపు అందరికీ కనబడేలా చెయ్యి తిప్పుతూ.

అంతకుముందు ఆ కారుని చూసింది ఆయన భార్యకి స్వయానా అన్నయ్య. వీధి అవతల కొసలో ఆయనకి షెడ్డు ఉంది. ఆ మెకానిక్ బానెట్ మీద అరచెయ్యి ఆనించాడంటే చాలు, బండికున్న జబ్బు ఆయనకి వచ్చేసేది. రేడియేటర్ కారే బండిని ముట్టుకుంటే ఒళ్ళంతా చెమటలు. హారన్ పోయిన బండైతే గొంతు పోయేది. సెల్ఫ్ పట్టని బండి వచ్చిన రోజు కుర్చీలోంచి లేవబోయి లేవబోయి, ఐదోసారికి లేచేవాడు. బండి బాగుపడగానే ఆయనా బాగుపడేవాడు. మూటలు మోసేవాడికి మెడనొప్పి రావడంలో ఎంత వింత ఉందో జనానికి ఇందులోనూ అంతే వింత. దగ్గుతూ వెళ్తే డాక్టరు కూడా, "ముందా సైలెన్సర్ సంగతి చూసి రావయ్యా" అని వెనక్కి పంపేవాడు.

నిరుడు ఆయన మాస్టారి కారుకి క్లచ్ ప్లేటు మార్చాడు. పాత ప్లేటుని చూసి లెక్కల మాస్టారు, "ఇది బాగానే ఉన్నట్టుందే" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఫిజిక్స్ మాస్టారు షెడ్డుకి వెళ్ళి, పదిమంది ముందు, "సొంత చెల్లెలి మొగుడి దగ్గరే చేతివాటం చూపిస్తే ఎలా బావగారూ?" అన్నాడు. ఆ క్లచ్ మార్చేదాకా మెకానిక్ రెండు రోజులు ఒక అడుగు వేస్తే అరడుగు జారుతూ నడిచిన సంగతి మాస్టారికి తెలుసు. తెలిసే అన్నాడు. లెక్కల మాస్టారు పక్కనే ఉన్నాడు మరి.

మెకానిక్ చేతులు తుడుచుకుని ఇంకో బండి దగ్గరికి వెళ్ళాడు. అప్పట్నుంచీ మాస్టారు బడికి వెళ్ళాకే చెల్లెల్ని చూడ్డానికి వచ్చేవాడు.

ఆ సోమవారం మాత్రం మాస్టారు ఇంట్లో ఉండగానే వచ్చాడు. మేనకోడలికి ఉద్యోగంలో మొదటి రోజు. ఊరవతల మందుల ల్యాబులో చేరుతోంది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కారు తనే నడుపుకుంటూ వెళ్తానంది. పిల్ల కాస్త పొట్టి. స్టీరింగ్ మీదుగా రోడ్డు సరిగ్గా కనబడదని మేనమామ రెక్సిన్ గుడ్డతో ఒక దిండు కుట్టించి తెచ్చాడు.

"మావయ్యా, కొలత ఎలా తీశావు?" అంది ఆ అమ్మాయి మురిసిపోతూ.

"నువ్వు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాగా, కొలతెందుకే?"

గుమ్మంలో నిలబడ్డ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "రండి బావగారూ" అన్నాడు, ముందు రోజే వచ్చి వెళ్ళిన మనిషితో అన్నట్టు.

"మళ్ళీ వస్తా బావగారూ, షెడ్డు తీయాలి" అని మెకానిక్ దిండు సీటులో సర్ది, తలుపు వేసి, ఆవుని నిమిరినట్టు బానెట్‌ని ఒకసారి నిమిరాడు. పాత అలవాటు. వెనక్కి తిరిగి నడిచాడు.

నడిచినవాడు గేటు దగ్గర ఆగి చెప్పులు వేసుకోవాలి. ఆగలేదు. చెప్పులు దాటేసి, గేటు దాటేసి వీధిలో పడ్డాడు. ఆ వీధి మొత్తం వాలు. వాలు చివర లారీలు తిరిగే పెద్ద రోడ్డు.

"అన్నయ్యా, చెప్పులు!" అని చెల్లెలు లోపల్నుంచి కేకేసింది.

మాస్టారికి మాత్రం సంగతి తెలిసిపోయింది. నిన్న బ్రేకు పైపు మార్చింది ఆయనే. తర్వాత పెడల్ నొక్కితే పిండి ముద్దలో కాలు పెట్టినట్టు మెత్తగా దిగింది. నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. లుంగీ ఎగ్గట్టి వీధిలోకి పరుగెత్తి బావగారి పక్కకి చేరాడు.

మెకానిక్ కంగారు పడటం లేదు. అడుగులు మాత్రం ఒకదాన్నొకటి తరుముతున్నాయి.

"బావగారూ, బ్రేకులు ఎవరు చూశారు?"

"అదీ... ఒక షెడ్డులో. కొత్త షెడ్డు."

"ఏం చేశారు?"

"ఏముంది, ప్యాడ్లు మార్చారు."

"పైపు విప్పారా?"

"అబ్బే, లేదు."

కాలు ఆగని మనిషి పక్కన పరుగెడుతూ, రొప్పుతూ, అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. మాస్టారు బావగారి భుజం పట్టుకుని ఆపబోయాడు. కదిలే కారుని ఒంటి చేత్తో ఆపబోయినట్టయింది, తనే రెండు గజాలు ఈడ్చుకుపోయాడు.

"లాగకండి, మీరూ పడతారు" అన్నాడు మెకానిక్. "నిజం చెప్పండి బావగారూ. బ్రేకు ఆయిల్ కారుతుంటే ఒళ్ళు గోడకి రాసుకుంటూ ఆగాలి. పైపులో గాలి ఉంటే వేరే దారి ఉంది. ఒకదానికి ఒకటి చేశానంటే నా కాళ్ళు విరుగుతాయి."

కూరగాయల బండి పక్కకి తప్పుకుంది. "మాస్టారి కారుకి బ్రేకుల్లేనట్టున్నాయి" అని బండివాడు పక్కవాడితో మామూలుగా అంటుంటే మాస్టారు చెవులారా విన్నాడు. ఎదురుగా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు బడికి వెళ్తూ నిలబడిపోయారు. "గుడ్ మార్నింగ్ సార్" అని ఒకమ్మాయి అలవాటు కొద్దీ అంది కూడా. మొన్న శుక్రవారమే వాళ్ళకి ఆ పాఠం చెప్పాడు. నొక్కితే ద్రవం కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది, అందుకే బ్రేకుల్లో గాలి ఉండకూడదు. బోర్డు మీద బొమ్మ కూడా వేశాడు.

పెద్ద రోడ్డు ముప్పై అడుగుల్లో ఉంది.

"షెడ్డు లేదు, గిడ్డు లేదు!" అని అరిచాడు మాస్టారు. గొంతు పిల్లాడి గొంతులా చీలింది. "నేనే చేశాను! పైపు నేనే విప్పాను! గాలి తీయలేదు బావగారూ! లోపల ఒకరు పెడల్ నొక్కాలి, కింద ఒకరు మర విప్పాలి. రెండో మనిషిని పిలిస్తే నాకు ఒక్కడికీ చేతకాలేదంటారని... వదిలేశాను!"

వీధంతా విన్నది. ఆడపిల్లలు చూపులు చెప్పుల మీదికి దించుకున్నారు. అలా దించుకోవడమే ఆయనకి నవ్వడం కంటే కష్టంగా తగిలింది.

మెకానిక్ అప్పటికే మోకాళ్ళు పొట్ట దాకా ఎత్తి దబదబా నేలని తొక్కుతున్నాడు, పెడల్‌ని మళ్ళీ మళ్ళీ నొక్కినట్టు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి పాదం నేలని పట్టింది. పట్టిన ఊపుకి ముందుకి తూలి రెండు చేతుల మీదా పడ్డాడు. ఆయన తల ముందు నుంచి లారీ ఒకటి వేడిగాలి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మాస్టారు పక్కనే మట్టిలో కూర్చుండిపోయాడు.

"లేవండి, లుంగీ పాడవుతుంది" అన్నాడు మెకానిక్. కుడి మణికట్టు అప్పుడే వాచిపోతోంది.

తిరిగి ఎక్కుతుంటే ప్రతి పది అడుగులకీ ఆయన మోకాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. మాస్టారు ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించాడు. ఏడాదిలో ముట్టుకున్నది ఆ రోజే.

చెల్లెలు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది అన్నయ్యా?"

"ఏంలేదమ్మా. రాయి తగిలి బోర్లా పడ్డాను. వయసు రావట్లా?"

మాస్టారికి అక్కడ ఒక దారి తెరిచి ఉంది. ఆ రాయిని ఒప్పేసుకుంటే సరిపోయేది. భార్య నమ్మేసింది కూడా, తడి గుడ్డ కోసం లోపలికి తిరిగింది. కూతురు ఎడమ చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని కారు తలుపు తీయబోతోంది.

"ఎక్కకమ్మా" అన్నాడు. తర్వాత తల వంచుకుని మొత్తం చెప్పాడు. గాలి సంగతి, షెడ్డని ఆడిన అబద్ధం, నిరుడు చేతివాటం అన్న మాట కూడా. క్లచ్ నిజంగా పోయిందని అప్పుడే తెలుసని చెప్పేటప్పుడు మాట తడబడింది. భార్య తడి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ఆ మాట సంగతి ఏడాదిగా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. భర్త వంక చూడకుండా వెళ్ళి అన్నయ్య చేతికి కట్టు కట్టింది.

కూతురు కారు తలుపు మీంచి చెయ్యి తీసింది. అమ్మ కూర్చోవలసిన సీటు వైపు చూసింది. వీధి వాలు వైపు చూసింది. బస్సుకి ఇంకా టైముంది.

"ఇంకేం చేశావు నాన్నా ఈ కారుకి?" అంది చివరికి. కోపంగా అడిగి ఉంటే బాగుండేది.

మాస్టారు ఒక్కొక్కటే చెప్పసాగాడు. ముందు లైటు వైరు కోసి టేపు చుట్టాను. చక్రానికి ఒక నట్టు మర అరిగితే అలాగే బిగించాను. బ్యాటరీ క్లిప్పు బదులు తీగ కట్టాను. స్టాఫ్ రూములో ఇవే పనులు గొప్పగా చెప్పేవాడు, ఇప్పుడు ఒక్కోదాన్నీ నోట్లోంచి పీకినట్టు చెబుతున్నాడు. మెట్టు మీద కూర్చున్న మెకానిక్ అన్నిటికీ తల ఊపుతూ, వాచిన వేళ్ళతోనే ఒక్కోటి లెక్కపెట్టుకుంటూ విన్నాడు. మధ్యలో మోకాళ్ళు ఆడించుకున్నాడు.

"ఇంజను ఆయిల్ మార్చారు కదా, ఆ సంగతి చెప్పలేదేం?" అన్నాడు అంతా అయ్యాక.

"అదీ పాడు చేశానా?"

"లేదు బావగారూ. ఇందాక ముట్టుకున్నప్పుడే తెలిసింది, గుండె హాయిగా కొట్టుకుంది. ఆయిల్ మాత్రం చాలా బాగా మార్చారు."

మాస్టారు ఆ మాటకి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చేతివాటం మనిషని పదిమంది ముందు తనని అన్నవాణ్ణి మెకానిక్ చెల్లెలి ముందు మెచ్చుకుంటున్నాడు.