విజ్ఞాపనమున విడువబడిన పేరు

ఆషాఢమాసము సగము గడచినను నభోమండలము జలభారమంథరములైన మేఘములతో నిండియుండియు ఒక్క చినుకునైనను రాల్పక మూగవోయి యుండ, పలకగనుల మీదినుండి లేచిన ధూసరధూళి గాలితో కలిసి పాకలపైనను పశువులపైనను ఆరవేసిన వస్త్రములపైనను మనుష్యుల కనురెప్పలపైనను సమానముగా పేరుకొని నల్లగుట్టపాలెమున ప్రాతఃకాలమునకును సాయంకాలమునకును భేదము లేకుండ చేసెను. మార్కాపురమునకు పడమట గుట్టల నడుమ ఒదిగియున్న ఆ పల్లెవారందరును గనులలో రాయి చీల్చి పలకలు తీసి బ్రదుకువారు. ఆ ధూళియే వారి రొమ్ములలో చేరి క్రమముగా దగ్గుగా పరిణమించి నడివయస్సు దాటకమునుపే వారిని మంచమునకు అంటగట్టుచుండెను. అట్టి పల్లె నడుమ పలకరాళ్లతోనే కట్టబడిన యొక చిన్న ప్రార్థనామందిరము కలదు.

ఆ మందిరద్వారమున ప్రతి ఆదివారమును తబితమ్మ యను ప్రౌఢవయస్క నిలిచియుండెడిది. ధవళవస్త్రధారిణియు మితభాషిణియు శాంతగంభీరవదనయు నగు ఆ విధవ క్రొత్తగా వచ్చినవారెవరైనను వారి చేతులు రెండును పట్టుకొని లోనికి తోడుకొనిపోయి చెంబుతో నీళ్లిచ్చి చాప చూపి పేరడిగి తెలిసికొనెడిది. ఒకమారు విన్న పేరును ఆమె మరువదు. ప్రసంగానంతరమున పరులకొరకు విజ్ఞాపన చేయు భారమును సంఘము ఆమెకే అప్పగించియుండుటచే, వ్యాధిగ్రస్తులను, దూరదేశములకు కూలికిపోయినవారిని, నెలలు నిండిన స్త్రీలను ఒక్కొక్కరినే పేరుపెట్టి దేవుని సన్నిధిని నిలిపెడిది. తన పేరు ఆమె నోట పలుకబడినదని వినినంతనే మంచముననున్నవానికి సగము బాధ తగ్గునని ఆ పల్లెవారు చెప్పుకొనెడివారు. మందు పనిచేయని ఆ వ్యాధికి అంతకు మించిన ఆదరువు వారికి వేరొకటి లేదు.

ఆమెకు ఓబేదు అను ఏకపుత్రుడుండెడివాడు. కొన్ని యేండ్ల క్రిందట ముసురుపట్టిన యొకనాడు గనిలోని రాతిగోడ చెమ్మగిల్లి బీటవారుట చూచి పైకివచ్చి చెప్పిన ఆ యువకుని మేస్త్రీ మరల దిగుమనెను. వాడు దిగెను. గోడ విరిగిపడెను. సాయంకాలమునకు వెలికితీసిన ఆ దేహమును తబితమ్మ స్వయముగా కడిగెను గాని ఆమె యేడ్చుట చూచినవారు లేరు. ఆ మేస్త్రీ పేరు చెంచురామయ్య. నాటినుండి ఆ పేరు ఆమె యెదుట నెవరును పలుకలేదు. ఆమెయు అతని వీధి త్రొక్కలేదు.

ఆ చెంచురామయ్యయే ఆ ఆషాఢమున నొక ఆదివారము కుమార్తె కొండమ్మ భుజముపై చేయివేసి ఆయాసపడుచు మందిరద్వారమున నిలిచెను. గనిధూళి అతనిని కూడ విడువలేదు. పూర్వము దూరమునుండియే కూలీలను వణికించిన ఆ స్థూలశరీరము శిథిలమై వ్రేలాడు చర్మముతోను గుంటలుపడిన కన్నులతోను గాలికై నోరు తెరచియుండెను. లోపల పాట ఆగిపోయెను. తబితమ్మ చెంబు ముంచి నీళ్లందిచ్చెను. అయితే ఆమె అతని చేతులను పట్టుకొనలేదు.

"లోపలికి రండి" అని మాత్రమే ఆమె పలికెను.

అతడు కూర్చుండినంతనే చుట్టునున్న పురుషులు ఒకరి వెనుక నొకరు తమ చాపలను ప్రక్కకు లాగికొనగా అతని చుట్టును వట్టినేల మిగిలెను. క్రొత్తవారిని పరిచయము చేసికొనుమని పాస్టరు జెఫన్య కోరినప్పుడు అతడు గోడ పట్టుకొని లేచి తన పేరు చెప్పి, తబితమ్మ వైపు చూడక నేలను చూచుచు,

"నా రొమ్ము జబ్బు కోసం కాదయ్యా. అది పోయేది కాదని నాకు తెలుసు. నిద్ర పట్టడంలేదు. నిద్ర కోసం అడగమని చెప్పుకుందామని వచ్చినా" అనెను.

తబితమ్మ మోకరించి విజ్ఞాపన ఆరంభించెను. అందరి పేర్లును వచ్చెను. జ్వరముతోనున్న పసిబిడ్డ పేరు వచ్చెను, పొరుగూరి ముసలమ్మ పేరు వచ్చెను, గుంటూరు ఆసుపత్రిలోనున్న వాని పేరు వచ్చెను. పిమ్మట ఆమె స్వరము క్షణకాలమాగి "ఆమేన్" అని ముగిసెను. ఆ విడిచిన పేరెవరిదో మందిరమున గ్రహింపనివారు లేరు. చెంచురామయ్య అందరికంటె ఆలస్యముగా ఆమేన్ అని కొండమ్మ చేయి పట్టుకొని వెడలిపోయెను.

అటుపిమ్మట ప్రతి ఆదివారమును అతడు వచ్చుచునే యుండెను. చాపలు తొలగుచునే యుండెను. పేరు మాత్రము రాకుండెను. ఆమె చేసినది న్యాయమేయని కొందరు స్త్రీలు నీళ్లరేవున మెచ్చుకొనిరి. ఆ మెచ్చుకోలు ఆమెకు చేదుగా నుండెను. ఒకనాడు పాస్టరుగారు ఆమె యింటి అరుగుపై కూర్చుండి సంకోచముతో ఆ మాట నెత్తెను.

"అమ్మా, నేను మిమ్మల్ని బలవంతపెట్టను. కావాలంటే ఆయన పేరు నేను చెబుతాను."

"చెప్పండి అయ్యగారూ" అని ఆమె బదులు పలికెను. "ప్రార్థన చేసే నోరు నాది కాదు, దేవుడిచ్చిందే అనుకున్నా ఇన్నేళ్లూ. ఆ పేరు కాడికొచ్చేసరికి నాదేనని తెలిసింది."

మరుసటి ఆదివారము విజ్ఞాపనలో పాస్టరుగారే ఆ పేరు చెప్పిరి. ఆ మాటలు సక్రమముగానే యుండెను గాని చెంచురామయ్య తల యెత్తలేదు. అతడు వేచియున్న స్వరమది కాదు. తబితమ్మకును ఆనాటినుండి లోపల ఏదియో యెండిపోయినట్లుండెను. గృహమున ఏకాంతమున మోకరించినను పూర్వమువలె మాటలు పొంగుట లేదు. పరుల పేర్లు నోట నడచుచుండెను గాని ఆ మనుష్యుల ముఖములు కన్నులయెదుట నిలుచుట లేదు. ఒక్క పేరును తప్పించుటకై ఆమె తన హృదయమున కట్టిన గోడ మిగిలిన పేర్లన్నిటికిని అడ్డమై నిలిచెను.

శ్రావణాంతమున నొక ఆదివారము చెంచురామయ్య రాలేదు. కొండమ్మ యొక్కతెయే వచ్చి గడప బయటనే నిలిచెను. లోనికి రమ్మని తబితమ్మ చేయి చాపగా ఆ పిల్ల వెనుకకు జరిగి,

"నాయన లేవలేకుండా ఉండాడమ్మా. ఎన్ని వారాలొచ్చినా మీరు ఆ పేరు చెప్తారేమోనని చెవి పెట్టి వినేవాడు. ఈ మాట చెప్పమని ఆయన పంపలా. నేనే వచ్చినా" అని యనెను. ఆమె స్వరమున నిందలేదు. అదియే తబితమ్మకు దుస్సహమైనది.

ఆరాధన ముగిసినంతనే తబితమ్మ ఎవరితోను చెప్పక ఆ పిల్ల వెంట, తాను ఏండ్లుగా త్రొక్కని వీధి త్రొక్కెను. రేకుల యింటి లోపల నులకమంచముపై దిండ్లకానుకొని కూర్చున్న చెంచురామయ్య ఆమెను చూచి లేవబోయి లేవలేకపోయెను. ఆమె మంచము ప్రక్కనున్న పీటపై కూర్చుండెను.

"ఓబేదు చెప్పినాడు" అని అతడు ఆయాసపడుచు పలికెను. "గోడ చెమరుస్తా ఉంది మేస్త్రీ అన్నాడు. నేను కూడా చూసినా. చూసే దిగమన్నా. పని ఆగితే గని యజమాని నన్నంటాడని. కన్ను మూస్తే ఆ పిల్లోడు నిచ్చెన దిగతా కనపడతాడు."

"తెలుసు" అని ఆమె యనెను.

ఆమె యెరిగినదే. అయినను అన్యులు చెప్పగా వినుటయు, చేసినవాని నోటనే వినుటయు ఒక్కటి కాదు. ఆమె చేతులు ఒడిలో బిగుసుకొని పిమ్మట మెల్లగా వదులయ్యెను. అతడు క్షమాపణ యడుగలేదు. అడుగు అర్హత తనకు లేదని యెరిగినవానివలె గోడవైపు చూచుచుండెను.

"మేస్త్రీ, క్షమించానన్న మాట నా నోట రావడంలేదు" అని ఆమె పలికెను. "రాని మాట దేవుడి ముందు వచ్చిందని చెప్పలేను. నీ పేరు మాత్రం చెప్తాను."

అంతట ఆమె మందిరద్వారమున నాడు చేయనిదానిని చేసెను. ఎముకలు తేలిన అతని చేతులు రెండును తన చేతులలోనికి తీసికొనెను. "ప్రభువా, చెంచురామయ్య" అని పలికి ఆగెను. ఎంత వెదకినను తరువాతి మాట దొరకలేదు. మరల "చెంచురామయ్య" అనెను. కొంతసేపటికి "ఇతనికి నిద్ర దయచేయుము" అని ముగించెను. ఆ పిల్ల తలుపువద్ద నిలిచి కొంగుతో నోరు మూసికొనెను. ఏండ్లుగా ఎండియున్న తబితమ్మ కన్నులు తడిసినవి. ఆ కన్నీళ్లు మేస్త్రీకొరకో ఓబేదుకొరకో ఆమెకే తెలియలేదు.

అతడు కోలుకొనలేదు. ఆ వారమధ్యముననే మరణించెను. "కాసేపు పడుకున్నాడమ్మా, అదే చాలు" అని కొండమ్మ చెప్పెను. బాప్తిస్మము పొందలేదు గనుక మన సమాధుల దొడ్డిలో చోటులేదని సంఘపెద్దలనిరి. మందిరమునకు పోయినవాడు మావాడు కాడని అతని కులస్థులనిరి. తుదకు గుట్టవాలున ఎవరికిని చెందని గులకనేలలో పాస్టరుగారును తబితమ్మయు మరికొందరు పాత కూలీలును కలిసి అతనిని పాతిపెట్టిరి. కీర్తన పాడుటకు చాలినంత గొంతు ఆ కొలదిమందిలో నెవరికిని లేదు.

మరుసటి ఆదివారము కొండమ్మ మందిరమునకు వచ్చెను. స్త్రీలు ఆమెను చూచిరి గాని చాప జరిపి చోటిచ్చువారు లేరు. ఆ పిల్ల గడపలోపల వట్టినేలపై కూర్చుండెను. నీళ్లిచ్చి లోనికి రమ్మనుట సులభము, పేరుపెట్టి చేర్చుకొనుట దుష్కరము. ఈ భేదము ఇంత వెల చెల్లించి నేర్చినది గనుక తబితమ్మ ఆ స్త్రీలను తప్పుపట్టలేదు. విజ్ఞాపనకాలము రాగానే ఆమె తాను నిత్యము మోకరించు ముందుచోటు విడిచి వరుసల నడుమ నడచిపోయి కొండమ్మ ప్రక్కన ఆ ధూళినేలపై మోకరించెను. నాటి మొదటి పేరు కొండమ్మదే. ఆ స్వరము మంద్రముగా నుండుటచే వేదికవైపు ముఖములుంచి కూర్చున్న ఆ సంఘమంతయు వినుటకై ఒకరి తరువాత నొకరు గడపవైపు తిరుగవలసివచ్చెను.