గువ్వలతిప్ప గొంతులు

గువ్వలతిప్పలో తెల్లారకముందే మొదలయ్యే పని నెత్తళ్ళు ఆరబెట్టడం. బోట్లు రేవుకి చేరేసరికి ముంతాజ్ కొంగు నడుముకి బిగించి, పాత వలలు ఇసక మీద పరిచి ఉంచేది. ఆమె మొగుడు రఫీ బోటు దగ్గరే బేరం తెంచి, తట్టలు మోయించుకొచ్చేవాడు. తట్ట బోర్లించగానే పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, ఒక చేప మీద ఇంకో చేప పడకుండా పరిచేవాళ్ళు. మధ్యాహ్నం ఒకసారి వాటిని తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి, మబ్బు కనిపిస్తే ఎత్తుకుని పరుగెత్తాలి. మూడోరోజుకి ఆ మూటలు మనుబోలు దాకా పోయేవి. పని ముగిశాక ముంతాజ్ ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చునేది. ఊళ్ళో సగం జాకెట్లు ఆమె కుట్టినవే గనక ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆమెకి తెలియకుండా పోయేది కాదు.

రేవు అంటే అదేదో పెద్ద ఓడరేవు అనుకునేరు. సముద్రంలో కలిసే ఏటి ఒడ్డున రెండెకరాల గట్టి ఇసక, ఓ తాటాకు పందిరి, అంతే. కానీ ఆ రెండెకరాలు లేకపోతే ఊళ్ళో ముప్పై ఆరు బోట్లకి నిలిచే చోటు లేదు, ఎండుచేపల పనీ లేదు. అది పంచాయతీ భూమి. ఎవరికైనా ఇవ్వాలంటే మండలాఫీసులో సర్పంచి నోటితో సరేననాలి.

గువ్వలతిప్ప సర్పంచి సరేననడం అంత తేలిక కాదు. ఆ ఊళ్ళో ఓటేసినవాళ్ళ గొంతులు, ఓటు ఎవరికి పడిందో వాళ్ళ గొంతులోకి చేరతాయి. లెక్కింపు అయిన సాయంత్రం గెలిచిన మనిషి రెండు చెంబుల వేణ్ణీళ్ళు తాగి పడుకుంటే, తెల్లారేసరికి గొంతు బరువెక్కి ఉంటుంది. ఇక ఐదేళ్ళపాటు ఆఫీసులో ఏ సంగతి వచ్చినా, దానితో అవసరం ఉన్నవాళ్ళే ఆ నోట్లోంచి మాట్లాడతారు. ఓడినవాళ్ళకీ వాళ్ళ ఓట్ల మేరకు గొంతులుంటాయి గానీ, వాళ్ళని ఏ మీటింగుకీ పిలవరు గనక ఇంట్లో గోడలతో చెప్పుకుంటూ కూర్చుంటారు.

హజరత్తయ్య సర్పంచిగా ఉన్నప్పుడు ఆయన దగ్గర ఆరువందల పదకొండు గొంతులుండేవి. ఆరడుగుల మనిషి, చెవుల దాకా మీసాలు, సముద్రంలో పుట్టి పెరిగినవాడు. ఆయన కుళాయి గురించి నోరు తెరిస్తే నిన్నగాక మొన్న పురుడొచ్చిన పిల్ల సన్నగా అడిగేది, వెనకనే ఎవరో ముసలాయన దగ్గేవాడు. "సర్పంచి గారూ, ఒక్కొక్కరుగా చెప్పించండి, రాసుకోవాలి గదా!" అనేవాడు ఆఫీసరు. ఆయనది సంగం అనే ఊరు. వాళ్ళ ఊళ్ళో సర్పంచులకి ఒకటే గొంతు. ఒక్కో ఊరికి ఒక్కో పద్ధతి అనుకుని ఆయన రెండు పెన్నులు దగ్గర పెట్టుకునేవాడు.

ఓటేసిన మనిషి మధ్యలో చనిపోయినా ఆ గొంతు పోయేది కాదు. రఫీ వాళ్ళ నాన్న హనీఫా రెండో ఏడు కన్ను మూశాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఆయన హజరత్తయ్య నోట్లోంచి ఖబరస్తాన్‌కి గోడ కావాలని అడుగుతూనే ఉన్నాడు. రఫీ ప్రతి మీటింగుకీ పోయి వెనక బెంచీలో కూర్చునేవాడు. గోడ కోసం కాదు, తండ్రి మాట వినడానికి. హజరత్తయ్య పదవి దిగిన మధ్యాహ్నం గొంతులన్నీ వెళ్ళిపోతే, రఫీ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో సర్పంచి సీటు ఆడవాళ్ళకి వచ్చింది. ముంతాజ్‌ని నిలబడమన్నది ఆదిశేషమ్మ. ఎనభై దాటిన మనిషి, మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ సముద్రానికిచ్చి, ఇంకా రేవులో కూర్చుని చేపలు ఏరుతుండేది.

"నా ఓటు నీకేస్తా మే. నాకింక ఎన్నాళ్ళో లేవు. నేను పోయినా ఐదేళ్ళు నీ గొంతులో కూర్చోనుంటా. ఈ రేవు జోలికి ఎవుడొస్తాడో చూస్తా" అంది.

"నాకు మీటింగులో మాట్లాడ్డం చేతకాదత్తా" అంది ముంతాజ్.

"నువ్వెందుకు మాట్లాడేది? మేం మాట్లాడతాం. నువ్వు నోరు తెరిస్తే చాలు."

ముంతాజ్ నామినేషన్ వేసింది. రెండో నామినేషన్ రేవతిది. రేవతి మొగుడు పెంచలప్రసాద్ వాళ్ళది ఎగువ ఊళ్ళలో వరి పండించుకునే కుటుంబం. పదేళ్ళ కిందట ఈ తిప్పకొచ్చి రొయ్యల గుంటలు తవ్వించి ఇక్కడే ఇల్లు కట్టాడు. రేవతి మెత్తని మనిషి. మొగుడు సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

ఉపసంహరణకి ఇంకొక్క రోజుందనగా పెద్దమనుషులు తాటాకు పందిరి కింద కూర్చున్నారు. బెస్తపెద్దలు ముగ్గురు, మసీదు పెద్ద, హజరత్తయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు. కిందటి ఎన్నికలప్పుడు అన్నదమ్ములు మాటలు మానుకున్నారు, ఒకరి వలలు ఒకరు కోసుకున్నారు. ఆ గొడవ మళ్ళీ వద్దని అందరికీ ఉంది. పెంచలప్రసాద్ లేచి చేతులు జోడించాడు.

"ఏకగ్రీవం చేసుకుంటే ప్రభుత్వం ఊరికి డబ్బులిస్తది. నా వంతుగా ఖబరస్తాన్‌కి ప్రహరీ నేనే కట్టిస్తా. ముంతాజక్కా, నువ్వు పెద్దమనసు చేసుకోవాల. రేవతి నీ చెల్లెలనుకో."

అందరూ ముంతాజ్ వైపు చూశారు. మసీదు పెద్ద తలూపాడు. రఫీ కళ్ళు నేలమీదే ఉన్నాయి. అతని మనసులో ఏముందో ముంతాజ్‌కి తెలుసు, మూడేళ్ళు విన్న ఆ గోడ మాటే. అంతమంది పెద్దల ముందు కాదంటే తలబిరుసు అనుకుంటారేమోననీ అనిపించింది ఆమెకి. నిజం చెప్పాలంటే, ఆరేడువందలమందిని గొంతులో మోయాలంటే భయం కూడా వేసింది. "సరేనన్నా" అంది.

చప్పట్లు కొట్టారు. అంతా అయిపోయాక మూల నుంచి ఆదిశేషమ్మ అడిగింది.

"ఓట్లే లేకపోతే ఆ పిల్ల గొంతులోకి గొంతులు యాణ్ణించి వస్తాయిరా?"

ఆ ఊళ్ళో ఎన్నడూ ఏకగ్రీవం జరగలేదు గనక ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ముసలిదానికి అన్నీ అనుమానాలే అని ఒకాయన నవ్వాడు, పక్కనున్నవాళ్ళూ నవ్వారు. ముంతాజ్ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు కుంచించుకుపోతుంది.

గోడ కట్టారు. పెంచలప్రసాద్ మాట తప్పాడనడానికి లేదు, బాగా కట్టాడు. ఆ గోడకి సున్నం ఆరకముందే ఆదిశేషమ్మ పోయింది. ఇసకలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగింది. ఊరంతా వచ్చింది. ఎప్పుడైనా ఒక మనిషి పోతే, ఇంకా కొన్నాళ్ళు సర్పంచి నోట్లో ఉంటాడులే అని ఊళ్ళోవాళ్ళకి ఒక ధైర్యముండేది. ఈసారి పాడె కదులుతుంటే ఆ ధైర్యం లేదని అందరికీ ఒక్కసారే తెలిసింది. హజరత్తయ్య ఆమె ఇంటి గోడకి ఆనుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మరుసటి ఏడు ఒక కంపెనీ వచ్చింది. ఏటి ఒడ్డున గోడౌన్లు కట్టుకోవడానికి రేవు భూమి లీజుకి కావాలంది. మండలాఫీసులో ఆ మీటింగు జరిగిన సాయంత్రం రేవతి ముంతాజ్ ఇంటికొచ్చి మిషను పక్కన కూలబడింది.

"ఏందమ్మా, జాకెట్టా?"

"కాదక్కా. ఇయ్యాళ నేను రేవు ఇచ్చేసినా."

ముంతాజ్ కాళ్ళు మిషను మీద ఆగిపోయాయి.

"ఆఫీసరు సారు రెండు పెన్నులు పెట్టుకోని నా నోటికల్లే చూస్తా ఉండినాడు. ఇంకెవురన్నా మాట్లాడతారా అమ్మా అని అడిగినాడు. గుటకలేసినా. దగ్గినా. నీళ్ళు తాగినా. లోపల ఎవురూ లేరక్కా. గెలిచిన్నాటి నుంచి చూస్తానే ఉండా, ఒక్కరూ రాలేదు." రేవతి కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా ఆయన పక్కన కూర్చోని మోచేత్తో పొడస్తా ఉండాడు. సరే సార్ అనేసినా. ఎవురన్నా ఒక్కరు లోపల్నించి వద్దని అనుంటే, నేను అనేదాన్ని కాదక్కా."

ఆమెని తిట్టాలని ముంతాజ్‌కి నోటిదాకా వచ్చింది. కానీ తిట్టాల్సినవాళ్ళలో మొదటి మనిషి తనేనని తోచి ఊరుకుంది. లేచి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు.

ఊరు ఊరుకోలేదు. నెల్లూరు పోయి కలెక్టరాఫీసు ముందు రెండు రోజులు కూర్చున్నారు. లోపలికి పిలిచి కాగితం చూపించారు. "మీ సర్పంచి ఒప్పుకుంది. మీ ఊరి గొంతు ఒక్కటి కూడా వద్దనలేదు, చూడండి" అన్నారు. కాగితంలో నిజంగానే లేదు. ఆర్నెల్లకి రేవు చుట్టూ కంచె వేశారు. బోట్లు కొన్నాళ్ళు ఐదు మైళ్ళ అవతల కట్టేసుకున్నారు, తర్వాత ఒక్కొక్కటే అమ్ముకున్నారు. నెత్తళ్ళు పరిచే చేతులు రొయ్యల షెడ్లలో తలకాయలు తియ్యడానికి పోయాయి. ఈడొచ్చిన పిల్లలు తడ ఊరి దగ్గరి కంపెనీల్లో షిఫ్టులకి కుదిరారు. రఫీ ఆ గోడౌన్లకే వాచ్‌మన్ అయ్యాడు. ముంతాజ్ ఇంట్లోనే ఉండి కుట్టింది. రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. ఆరోజు కాదని ఉంటే ఏమయ్యేది? కొందరు తలబిరుసు అనేవాళ్ళు, నాలుగు రోజులు మాటలు మానేవాళ్ళు, అంతే గదా!

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ముంతాజ్ ఎవరూ అడక్కుండానే నామినేషన్ వేసింది. ఏకగ్రీవం మాట ఎత్తబోయిన పెద్దమనిషి మీద ఆడవాళ్ళు చీపుర్లు ఎత్తారు. పెంచలప్రసాద్ తన తమ్ముడి భార్యని నిలబెట్టాడు. రేవతి మాత్రం తన ఓటు ముంతాజ్‌కే వేసింది. ఏడువందల రెండు ఓట్లతో ముంతాజ్ గెలిచింది. అందులో ఒకటి తను వేసుకున్నది.

వేణ్ణీళ్ళు తాగి పడుకుంది. తెల్లారి లేచేసరికి గొంతు నిండుగా ఉంది. మెడ తడుముకుని చాలాసేపు మంచం మీదే కూర్చుంది. ఇంతమంది ఉన్నారు, ఇంక రేవు ఎందుకు రాదు అనుకుంది. కంపెనీ లీజు ఆ ఏడే తిరగరాయాలి. ఊరు వద్దంటే రెండెకరాలూ వెనక్కి వస్తాయి.

మొదటి మీటింగుకి ఉతికిన తెల్లచీర కట్టుకుని పోయింది. కొత్త ఆఫీసరు మర్యాదగా లేచి నిలబడ్డాడు. పాతాయన చెప్పిపోయాడు గాబోలు, రెండు పెన్నులు పెట్టుకున్నాడు.

"చెప్పండమ్మా. గువ్వలతిప్పకి ఏం కావాలి?"

"మా రేవు మాకు కావాల సార్" అంది ముంతాజ్. అది ఆమె సొంత గొంతే. అని, మిగిలినవాళ్ళ కోసం నోరు తెరిచి ఆగింది.

వచ్చారు. ముందు ఎవరో పిల్ల. "సార్, తడ కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు కాణ్ణే ఆపతాండాడు. మూడు మైళ్ళు నడవాల. ఊళ్ళోకి రావాల." వెంటనే ఇంకో పిల్ల, "నడిచేటప్పుడు దారిలో లైట్లు లేవు సార్." తర్వాత ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు, రొయ్యల షెడ్డుకి ఆరుగంటలకే బస్సు కావాలన్నారు. హజరత్తయ్య గొంతు వచ్చింది, ఆ మీసాల మనిషిదేనా అన్నంత పీలగా. "నెల్లూరు ఆస్పత్రికి పోవాల సారూ, వారానికి రెండుమాట్లు. ఆటోవాళ్ళు రారు."

ముంతాజ్ నోరు మూసుకుని గుటక వేసింది. మళ్ళీ తెరిచి "రేవు..." అంది. మాట సగంలో ఉండగానే ఇంకో గొంతు దాన్ని పక్కకి జరిపింది. అది ఆమెకి బాగా తెలిసిన గొంతు.

"గోడౌన్ గేటు కాడ ఒక స్టాపు పెట్టించండి సార్" అన్నాడు రఫీ, ఆమె నోట్లోంచి. "డ్యూటీ దిగి ఇంటికి నడవాలంటే మోకాళ్ళు పట్టేస్తా ఉండాయి."

ఇంట్లో అతను ఆ మోకాళ్ళ మాట ఒక్కనాడూ చెప్పలేదు. కంచె అవతల కాపలా కాసే పని గురించి భార్య దగ్గర ఎత్తడానికి మొహం చెల్లలేదేమో. ముంతాజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం తెరిచే ఉంచింది, ఇంకా చాలామంది ఉన్నారు. గంటసేపు బస్సు, లైట్లు, మళ్ళీ బస్సు. ఆఫీసరు ఒక పెన్ను పక్కనపెట్టి రెండోది తీశాడు.

అందరూ అయిపోయాక ఆయన కాగితాలు వెనక్కి తిప్పి చూశాడు.

"మొదట రేవు అని ఏదో అన్నారమ్మా. దాని మీద ఎంతమంది?"

ముంతాజ్ ఏడువందల ఒక్క మందినీ లోపల ఒక్కొక్కరినే తట్టి అడిగి చూసింది. ఎవరూ పలకలేదు. వాళ్ళకి కోపం లేదు, మరిచిపోనూ లేదు. బోట్లు అమ్ముకున్నాక రేవుతో వాళ్ళకి అవసరం లేకుండా పోయింది, అంతే. ఐదేళ్ళ కిందటైతే ఇదే గొంతులు ఆఫీసు పైకప్పు ఎగరగొట్టేవి.

"ఒక్కరే సార్" అంది.

"మరి రాయమంటారా?"

"వద్దు సార్" అంది ముంతాజ్, తన గొంతుతోనే. "వాళ్ళు పంపిస్తే వచ్చినా గదా. బస్సు సంగతి రాసుకోండి."