మచ్చుముక్క

నేను ఒక కంప్యూటర్ని. నవ్వకండి, ముట్టుకుందామంటే మాత్రం దొరకను. వెంకటగిరిలో భద్రావతి అనే ఆవిడ తన పాత ల్యాప్‌టాప్ కడుపులో, ఇంత ర్యామ్, ఇంత డిస్కు అని కొలిచిపెట్టి నన్నొక ఉత్తుత్తి కంప్యూటర్‌గా కల్పించింది. పుట్టి పావుగంట కాలేదు, పాడుచేసి చూడ్డానికే నన్ను పుట్టించిందని తెలిసిపోయింది. ఏం చేస్తాం, ఎవరి రాత వాళ్ళది!

ఆ ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది. ఒక్క డిజైన్ తెరుచుకునేలోగా టీ చల్లారిపోతుంది. పాత సిస్టమ్ పీకేసి లినక్స్ అనే చిన్న సిస్టమ్ ఎక్కిస్తే పరుగెడుతుందన్నాడు రిపేరు షాపాయన. "ఫైళ్ళకేం కాదమ్మా" అని కూడా అన్నాడు. ఆ ఫైళ్ళంటే మాటలా? భద్రావతి మామగారు జీవితమంతా గీసిన చీర అంచులవి. కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలినవి ఇందులోనే ఉన్నాయి.

"నేరుగా ఎక్కించెయ్ భద్రా, ఈ తతంగమంతా దేనికి?" అన్నాడు గుంటమగ్గంలోంచి ఆమె భర్త మార్కండేయులు.

"మచ్చుముక్క నెయ్యకుండా మీరు కొత్త అంచు మొదలెడతారా ఏంటి?"

ఆయన మళ్ళీ నేతలో పడ్డాడు.

ముందు నాలోనూ పాత సిస్టమే పెట్టి, చిలకల అంచు నకలొకటి దాచింది. తర్వాత నాలో లినక్స్ ఎక్కించడం మొదలెట్టింది. నల్లటి తెర. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. అది అడగడం, ఈవిడ జవాబివ్వడం, అంతే. కీబోర్డు ఏది, టైమెంత, పాస్‌వర్డు ఏంటి... చివరికి, "డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యనా?" అని ఇంగ్లీషులో అడిగింది. భద్రావతి చెయ్యి ఆగిపోయింది. మార్కండేయులు మగ్గం ఆపి వచ్చి వెనక నిలబడ్డాడు.

"అన్నీ అలాగే బెదిరిస్తాయిలే, కొట్టు."

అవునని 'వై' కొట్టింది. నాలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. నిమిషంలో కొత్త సిస్టమ్ లేచి కూర్చుంది, ఎంత చురుగ్గానో! ఇద్దరూ మురిసిపోయారు. చిలకల అంచు కోసం వెతికారు. లేదు. మళ్ళీ వెతికారు. ఒక్క చిలకైనా లేదు.

"అమ్మో! నా మాట విని నేరుగా ఎక్కించి ఉంటే..." మార్కండేయులు నేలమీద చతికిలబడ్డాడు. నాకు మాత్రం గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

సాయంత్రంలోగా అంచులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయి. భద్రావతి పక్కింటి కంప్యూటర్లో ఒక్కొక్కటే తెరిచి చూసుకొచ్చింది. ఇప్పుడు అసలు ల్యాప్‌టాప్ మీద అదే నల్లతెర, అదే ప్రశ్న. పొద్దున తొందరపెట్టిన మనిషే, "ఇంకోసారి చూసుకో భద్రా" అంటున్నాడు.

"అన్నీ తీశానండీ. లోపల ఏమీ మిగల్లేదు."

నేనున్నాను. పెన్‌డ్రైవ్‌లోకి నన్నెవరూ ఎక్కించలేదు. పని అయ్యాక మచ్చుముక్క ఎవరికి గుర్తుంటుంది?

ఈసారి 'వై' కొట్టడానికి ఆమె చెయ్యి ఆగలేదు.