తలలోంచి రాలే మేకులు

ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ప్రసన్నకుమార్‌ది చికెన్ కొట్టు. రోజూ కొట్టు తెరిచే ముందు అతను పీట మీద కూర్చుని, "ప్రభువా, వాణ్ణి క్షమించే మనసియ్యి" అని ప్రార్థన చేసుకునేవాడు. పెళ్లాం సూర్యప్రభ చెంబుతో తలమీద నీళ్లు పోసేది. పోసినకొద్దీ జుట్టులోంచి తుప్పుపట్టిన మేకులు రాలేవి. వాటిని ఊడ్చి పారబోయడం ఆవిడకి అంట్లు తోముకోవడం లాంటి పనే. ఒకటీ అరా మురిక్కాలవలోకి జారిపోతే మాత్రం పక్కింటి లలితమ్మ ఊరుకునేది కాదు.

"ఓ సూర్యప్రభా! నీ మొగని పగ మా మోరీల అడ్డం వడ్డది. జర తియ్యరాదే!"

పగే మరి! కొన్నేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో బండి పెట్టే జాగా దగ్గర మాటామాటా పెరిగి, శ్రవణ్‌కుమార్ అనేవాడు ఇనప రాడ్డుతో ప్రసన్నకుమార్ తమ్ముడు దయాకర్ బుర్ర పగలగొట్టాడు. అన్న ఒళ్లోనే ప్రాణం పోయింది. ఆ మర్నాటి నుంచే ఈ మేకులు.

బాప్తిస్మం రోజున ప్రసన్నకుమార్ చర్చి తొట్టిలో మునిగి లేస్తే దోసెడు మేకులు అడుక్కి పోయాయి. అంతే, మనవాడికి అది కాస్తా నెత్తికెక్కింది. సాక్ష్యం చెప్పమంటే మైకు పట్టుకుని, "నా పాత మనసు ఆ నీళ్లలోనే చచ్చిపోయిందండీ! ఆ హంతకుణ్ణి క్షమించేశాను!" అన్నాడు. సంఘమంతా హల్లెలూయా అంది. పొగిడితే పొంగనివాడెవడు?

మర్నాడు పీట దగ్గరికే రాలేదు.

"నేను కొత్త మనిషినే. ఇంక నాకు నీళ్లెందుకు?"

"ఒకసారి పళ్లు తోముకుంటే జన్మంతా సరిపోతుందా అండీ?" అంది సూర్యప్రభ.

వింటేగా! వారాలు గడిచేసరికి తలలో మేకులు పేరుకుపోయి దిళ్లు చిరిగిపోయాయి. బరువుకి మెడ వంగిపోయింది. ఒక్క వేటుకి తెగాల్సిన కోడిని నాలుగు వేట్లు నరికేవాడు. ఎముకలు నుగ్గునుగ్గయ్యేవి. కొనేవాళ్లు మొహం మీద పడ్డ నెత్తురు తుడుచుకుని, కిక్కురుమనకుండా కవరు పట్టుకుపోయేవాళ్లు.

ఆదివారం ఆరాధన వేళకి కొట్టు కట్టేస్తాడు కాబట్టి పొద్దున్నే జనం వరసకట్టారు. ఆ వరసలో, బెయిలు మీద బయటికొచ్చిన శ్రవణ్‌కుమార్ తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

ప్రసన్నకుమార్ కళ్లకి ఇంకేమీ కనపడలేదు. బల్ల దూకి వాడి జుట్టు పట్టుకున్నాడు. మొహాన్ని ఇనప షట్టరుకేసి బాదాడు. ముక్కు చితికింది, పళ్లు రాలాయి. జనం చెల్లాచెదురయ్యారు. డొక్కలో తన్ని, లోపలికి ఈడ్చి, నెత్తురోడుతున్న తలని కోళ్లు కొట్టే మొద్దు మీద అదిమిపెట్టి కత్తెత్తాడు.

వాడు పెనుగులాడలేదు.

"కొట్టన్నా," అన్నాడు నెత్తురు మింగుతూ. "గందుకే ఒచ్చిన. ఇన్నేండ్ల సంది గీ తలకాయ మొయ్యలేక సస్తున్న."

"చస్తావురా! నా తమ్ముడు చచ్చినట్టే చస్తావు!"

కత్తి దిగబోతుండగా సూర్యప్రభ పరుగున వచ్చి నీళ్ల బకెట్టెత్తి మొగుడి నెత్తిన గుమ్మరించింది. "ప్రభువా, ఈయన్ని కాపాడు!" అని గొంతు చించుకు అరిచింది. వారాల మేకులన్నీ ఒక్కసారిగా గచ్చు మీద గలగలా రాలాయి. అతని మెడ లేచింది. కత్తి చేతిలోంచి జారిపోయింది.

రాలడం మాత్రం ఆగలేదు. ఏంట్రా ఇది అని కిందకి చూశాడు. అవే నీళ్లు తగిలి, మొద్దు మీద ఉన్న తలలోంచి కూడా మేకులు రాలుతున్నాయి. తనవాటికన్నా పొడుగు, తనవాటికన్నా తుప్పు.

ప్రసన్నకుమార్ అక్కడే కూలబడి, తమ్ముడు పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి లేచాడు. కుండీలో చెంబు ముంచాడు. వాడి తలమీద పోశాడు, మళ్లీ పోశాడు. వేళ్లు తెగుతున్నా జుట్టులో ఇరుక్కున్నవాటిని ఒక్కొక్కటే పీకాడు. ఆరాధన గంట కొట్టినా కదల్లేదు.

"అయిపోయినయా అన్నా?" అన్నాడు శ్రవణ్‌కుమార్.

"ఒక్కరోజులో పోవురా," అన్నాడు ప్రసన్నకుమార్. "రేపు పొద్దున్న కూడా రా. సూర్యప్రభా, ఇంకో పీట తీసి ఉంచు."