తొక్కతో సహా

సవరమ్మ గేదె మామిడితోట గట్టున కూలబడి చొంగ కారుస్తోంది. ఒళ్లంతా వణుకు. కంటిపాప సన్నని గీతలా ముడుచుకుపోయింది. పశువుల డాక్టరుగా ముసునూరు తోటల్లో ఏళ్లుగా తిరుగుతున్నదాన్ని, చూడగానే తెలిసిపోయింది. పురుగుమందు పడిన గడ్డి మేసింది.

అట్రోపిన్ ఇంజక్షన్ ఇచ్చాను. చొంగ తగ్గింది గానీ వణుకు తగ్గలేదు. దానికి ఇంకో ఇంజక్షన్ ఉంది. కొన్ని పురుగుమందులకు అది విరుగుడు, కొన్నిటికి ఇస్తే ప్రమాదం. ఏ మందు కొట్టారో తెలియాలి.

"రత్నబాబే గడ్డి కోసుకోమన్నాడమ్మా," అంది సవరమ్మ ఏడుస్తూ. "మందేమన్నా కొట్టావా అయ్యా అని అడిగాను కూడాను. లేదన్నాడు."

ఈ తోట కౌలుదారులంతా ఇంతే. ఊరికే గడ్డి ఇచ్చినట్టే ఇచ్చి కలుపు తీయించుకుంటారు!

రత్నబాబు హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన బేరగాడికి కాయలు చూపిస్తున్నాడు.

"ఏం మందు కొట్టారండీ?"

"కోతకొచ్చిన తోటకి మందెవడు కొడతాడండీ? ఉత్త నీళ్లే."

"అవతల గేదె చచ్చిపోతోందయ్యా! పేరు తెలిస్తేనే ఇంజక్షన్ ఇవ్వగలను, చెప్పండి."

"లేంది ఎక్కణ్ణుంచి చెప్పనండీ?"

నా ఒళ్లు మండిపోయింది. వేలాడుతున్న కాయ తెంపి అతని చేతిలో పెట్టాను.

"అయితే కొరుకు. తొక్కతో సహా."

కోపంలో 'మీరు' ఎటో పోయింది. వెనక్కి తగ్గుతాడులే అనుకున్నాను. బేరగాడు కళ్లప్పగించి చూస్తున్నాడు. రత్నబాబు కాయ కొరికాడు. నమిలాడు. మింగి, నవ్వాడు కూడా! బేరగాడు తలూపి చెట్లలోకి వెళ్లాడు.

అతను అటు వెళ్లగానే రత్నబాబు మూతి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"డాక్టరమ్మా, ఆ ఇంజక్షను... మనుషులక్కూడా పనిచేస్తుందాండీ?"

చెంప పగలగొట్టాలనిపించింది.

"ముందు పేరు చెప్పు. పెద్దాసుపత్రికి పోయినా అదే అడుగుతారు."

గొణిగాడు.

"గట్టిగా చెప్పవయ్యా!"

ఈసారి చెప్పిన పేరు తోటంతా వినబడింది. చెట్లలో బేరగాడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. నేనటు చూడలేదు. ఆ మందుకు నా దగ్గరున్న ఇంజక్షన్ పనికొస్తుంది. సిరంజి నింపుకుని గేదె దగ్గరికి పరుగెత్తాను, రత్నబాబు నా వెనకే వచ్చాడు.

సవరమ్మ కొంగుతో గేదె మూతి తుడుస్తూ తలెత్తింది.

"నేనడిగినప్పుడు కూడా ఆ పేరు తెలుసుగా అయ్యా నీకు," అంది.