మేకరేవు మొగదల

శరత్కాలము ముగియవచ్చుచుండెను. మధ్యధరాసముద్రముపై మధ్యాహ్నభానుని తీక్ష్ణత సన్నగిల్లి సున్నపురాతి కొండల ధవళసానువులు నీలజలములయందు ప్రతిఫలించి తమ నీడలను దామే చూచుకొనుచున్నట్లు నిశ్చలముగా నుండెను. తుర్కీదేశపు దక్షిణతీరమున కొండకును కొండకును నడుమ సముద్రము భూమిని దొలిచి యేర్పరచిన చిన్నచిన్న రేవులు పెక్కులు గలవు. వేసవియంతయు విహారనౌకలతోను వాద్యనాదములతోను నవ్వులతోను నిండియుండిన యా రేవులు ఆ ఋతువున జనశూన్యములై అతిథులు వెడలిపోయిన విడిదియిండ్లవలె చిన్నబోయియుండెను.

అట్టివానిలో మేకరేవను నొకదానియందు లంగరు దింపియున్న తెల్లని విహారనౌకపై మైలపల్లి దానయ్య యనునాతడు కళాసిగా నుండెను. అతడు భీమునిపట్నము చేరువ జాలరిపల్లెలో బుట్టినవాడు. నౌక యజమానిది యొక భాష, కెప్టెనుది మరియొక భాష. వారితో నతనికి తాడు, లంగరు, సరే యను మూడు మాటలకు మించి యవసరము కలుగలేదు. యాత్రికులు దినమునకొక రేవు జూచి కేరింతలు గొట్టుచుండిరి గాని దానయ్యకు మాత్రము నీటియడుగున గులకరాళ్ళు సైతము రత్నములవలె మెఱయు రేవు కంటబడినప్పుడెల్ల ఎంత బాగున్నదో యని చెప్పుకొనుటకు మనిషి లేక ఆ మాట నాలుకమీదనే యింకిపోవుచుండెను.

వేసవి మొదట నొకనాడు అతడు చేతిరేడియో మీట నొక్కియుండుట యెఱుగక, తాటినడుమ వ్రేలు నలిగిన బాధతో బిగ్గఱగా దిట్టుకొనెను. వెంటనే కొండకావలినుండి యొక కంఠము ఆ రేడియోలో పలికెను.

"ఏందే, ఈ సముద్రంల గూడ తెలుగోడున్నడా?"

ఆ కంఠము బోయిని మల్లేశముది. కరీంనగరు మెట్టసీమలో బుట్టి వేఱొక చిన్న విహారనౌకపై వంటవాడుగా జేరినవాడు. ఆ రెండు నౌకలును ఒకే తీరమున దిరుగుచున్నను ఒకటి వచ్చు రేవును మరియొకటి విడుచుచుండుటచే వారొకరినొకరు చూచి యెఱుగరు. వారి మాటలు మాత్రము ప్రతిసాయంకాలము కొండను దాటి కలిసికొనుచుండెను.

"అన్న అంటె నువ్వు నామీద పెత్తనం జేస్తవ్, తమ్మి అంటె నేను ముసలోన్నైత. బావ అంటె ఇద్దరం తిట్టుకోవచ్చు," అని మల్లేశము వరుస గలిపెను.

"తిట్టుకోడానికి ఓ మనిసి దొరికాడు. అదే పదివేలు బావా," అని దానయ్య నవ్వెను.

ఎట్టకేలకు ఆనాడు రెండు నౌకలును మేకరేవునందు గలియవలసియుండెను. మఱునాటితో విహారములు ముగియును. మల్లేశము పనిచేయు నౌక వేఱు సముద్రమునకు దరలిపోవును. ఆ యొక్కపూట దప్పిన బావ ముఖము జూచు యోగము మరి లేదని దానయ్య యెఱుగును. అందుచే నాతడు ఉదయముననే క్షౌరము చేసికొని ఉతికిన తెల్లచొక్కా తొడిగి, సముద్రమునుండి రేవులోనికి ద్వారమైన మొగవైపు మాటిమాటికి జూచుచుండెను.

నౌకను శిలకు గట్టుటకై కెప్టెను వానిని తాటితో నొడ్డునకు బంపిన కొంతసేపటికి దక్షిణపుగాలి హఠాత్తుగా విజృంభించెను. మేకరేవు దక్షిణమునకు నోరుదెఱచియున్నది. అలలు మొగలో దూరి కొండచరియలను మోది మరలి ఒండొంటితో బెనగి యా చిన్నరేవును కాగుచున్న పాత్రవలె జేసెను. నిలిచిన నౌక తునుకలగునని యెఱిగి కెప్టెను తాడు తెగగోసి, మరల వచ్చెదనని దానయ్యకు చేసైగ చేసి, నడిసముద్రమునకు నౌకను బరుగెత్తించెను. ఉన్నతమైన శిలపై నిరపాయముగా నిలిచియున్న దానయ్యకు నడుమున వ్రేలాడు చేతిరేడియో తప్ప వేఱుతోడు లేకపోయెను.

అది యంతలో మాటాడెను.

"బావా! ఇనవడుతాందా? తెరచాప కొయ్య తాకి కెప్టెన్ పడ్డడు. నెత్తురు కారుతాంది, సోయి లేదు. షికారుకొచ్చిన ముసలాయన, ముసలామె ఏడుస్తున్నరు. చక్రం నా చేతులున్నది. ఏం జెయ్యాలె?"

"బయపడకు బావా! ఇంజను నడుత్తంది కదా? లోనకెల్లిపో! లోనకి!"

"సరే, లోపటికే అస్తున్న. అగో, కనవడ్డవ్ బావా!"

దానయ్యకు తన మాట చేసిన పొరపాటు తెలిసెను. జాలరికి లోన యనగా నడిసముద్రము. గాలి రేగినప్పుడు వానికి ఒడ్డు శత్రువు, లోతు రక్ష. మెట్టసీమవానికో లోన యనగా నాలుగు గోడల చాటు, వాన వచ్చినప్పుడు దూరు నిల్లు. ఆ చిన్ననౌక యప్పటికే మొగవైపు దిరిగెను. మొగకిరువైపుల మునిగియున్న శిలలపై నురుగు తెల్లగా లేచి పడుచుండెను.

"రాకు! బయటికి! బయటికెల్లు!"

"ఏం బయటికే? నీళ్లల్లున్న. బయటికంటె ఒడ్డుకేగద, ఒడ్డుకే అస్తున్న!"

చక్రముకడ ఎఱ్ఱచొక్కా స్పష్టముగా గానవచ్చెను. మరి నాలుగలలు దాటిన ముఖము సైతము కానవచ్చును. ఆ ముఖమునకై దానయ్య వేసవియంతయు నెదురుచూచెను. అతడు రేడియోను పెదవుల కదిమికొనెను.

"బావా, నన్ను సూత్తన్నావా?"

"చూస్తున్న! తెల్లంగి!"

"అయితే సూడకు. నీ యీపు నాకెట్టు. నాకు నీ మొకం కనబడకూడదు, ఈపే కనబడాల. అలాగే పో. నాను సెప్పేవరకు ఎనక్కి తిరక్కు."

"గిదేందే బావా? ఎండకాలం సంది ఎదురుచూస్తె గిట్లనా?"

"తిరుగు బావా, నీకు దండం ఎడతాను! తిరుగు!"

నౌక మెల్లగా నడ్డము దిరిగెను. ఒక మహాతరంగము దానిని పక్కకు వాల్చి ఎఱ్ఱచొక్కాను నురుగులో ముంచెను. దానయ్య కన్నులు మూసికొనలేదు. నౌక లేచెను. పిమ్మట నొక వీపు, తడిసి యొంటికంటిన ఎఱ్ఱనివీపు, అలలమీద లేచుచు బడుచు దూరమై దూరమై చుక్కయై మాయమయ్యెను.

పొద్దువాలునప్పటికి గాలి యణగెను. శిలపై నొంటిగా గూర్చున్న దానయ్య యొడిలో రేడియో సన్నగా బలికెను.

"బావా, బతికినం. కెప్టెన్ కండ్లు తెరిచిండు. సర్కారు పడవొచ్చి మమ్ముల తూరుపుదిక్కు ఏదో పట్నానికి గుంజుకపోతున్నది. గాడికెల్లే నన్ను ఇంటికి తోలుతరట. నన్ను చూసినవా మరి?"

"సూసాను బావా."

"ఎట్లున్న?"

దానయ్య ఎఱ్ఱనివీపు మాయమైన దిక్కునకు జూచెను.

"బాగున్నావు."

ఆ మాట వినబడెనో లేదో తెలియలేదు. నౌక రేడియోకందని దూరము సాగిపోయినది కాబోలు, రేడియోనుండి బుసబుసమను ధ్వని తప్ప మరి యేమియు రాలేదు. అతడు రెండుమారులు బిగ్గఱగా బిలిచెను. పిదప గొంతు తగ్గించి, ఎదుట గూర్చున్నవానితో జెప్పునట్లు, నీ నుదురు ఇట్లున్నది బావా, నీ కన్నులు ఇట్లున్నవి, నవ్విన నీ బుగ్గమీద నిక్కడ సొట్టపడుచున్నది యని తాను జూడని యా ముఖమును, తనకై కెప్టెను మరలివచ్చువఱకును, చీకటిపడుచున్న సముద్రమునకు వర్ణించుచునే యుండెను.