ఆళ్లగడ్డలో ఒకటుంది

తిమోతి చేసే ఉద్యోగం ఏమిటో కన్నతల్లికే సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే, మావాడు పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని అది బతికుందా చచ్చిందా అని చూస్తాంటాడు అని చెప్పేది. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ తల్లి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నంద్యాలలో ఒక మేడ మీద నడిచే చిన్న కంపెనీ వాళ్లది. చుట్టుపక్కల ఊళ్ల రక్తనిధుల్లో ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో ఫోన్లో చూపించే యాప్ ఒకటి నడుపుతారు. లెక్కంతా క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న సర్వర్లలో ఉంటుంది. అవి పలుకుతున్నాయా, ఆలస్యం చేస్తున్నాయా, ఊళ్ల నుంచి వచ్చే లెక్క తాజాదేనా అని కనిపెట్టుకుని ఉండటం తిమోతి పని. అన్నీ సవ్యంగా ఉంటే తెరమీద ఊరి పేరు పక్కన పచ్చగా ఉంటుంది. తేడా వచ్చినా, అరుదైన గ్రూపు రక్తం అయిపోయినా ఎర్రబడి మోగుతుంది.

అన్ని ఊళ్లలోకీ అతనికి ఆళ్లగడ్డ అంటే ముద్దు. మిగతావి వారానికోసారైనా మోగి ప్రాణం తీసేవి. ఆళ్లగడ్డ మాత్రం మోగిన పాపాన పోలేదు. అక్కడి రక్తనిధిని చూసుకునే రామేశ్వరమ్మ పొద్దున్నే వచ్చి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, లెక్క ఎక్కించాకే టీ గ్లాసు ముట్టుకునేది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు తిమోతి ఆమెనే చూపించి, పని చేస్తే అట్లా చేయాలి అనేవాడు. లెక్క టైముకు వస్తోందా అని రోజూ చూసేవాడే తప్ప, ఆమె ఎక్కించే అంకె నిజమా అని ఏనాడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు మహానుభావుడికి.

ఆ మంగళవారం మధ్యాహ్నం బావ రాజరత్నం ఫోన్ చేశాడు. తిమోతి అక్క అరుణకుమారి దొర్నిపాడులో టీచరు. కాన్పుకని ఆళ్లగడ్డ ఆసుపత్రిలో చేర్చారు. ఆడపిల్ల పుట్టింది, బిడ్డ బాగానే ఉంది. తల్లికే రక్తం ఆగడం లేదు. డాక్టరమ్మ ఓ నెగటివ్ తెమ్మంటోంది. అంబులెన్సు పిలిచి నంద్యాలకు తీసుకురమ్మంటావా అని అడిగాడు రాజరత్నం.

తిమోతి తెర చూశాడు. నంద్యాల సున్నా. బనగానపల్లె సున్నా. ఆళ్లగడ్డ ఒకటి, పక్కన పచ్చరంగు.

"యాడికీ కదలొద్దు బావా," అన్నాడు. "ఆడనే ఒకటుండాది. నేను చూస్తానే ఉండా."

కాసేపటికి మళ్లీ ఫోన్ వచ్చింది. రక్తనిధిలో ఓ నెగటివ్ చుక్క లేదట. అడిగితే రామేశ్వరమ్మ తల వంచుకుని ఏడుస్తోందట. ఇప్పుడిక మనిషిని ఊరు దాటించడం కుదరదని డాక్టరమ్మ చెప్పేసింది. ఇందాకైతే నంద్యాల పెద్దాసుపత్రికైనా చేర్చగలిగేవాళ్లు. తమ్ముడి మాట నమ్మి ఆగిపోయారు. ఆ సంగతి రాజరత్నం అనలేదు, పాపం. అనకపోయినా తిమోతికి తెలుసు.

అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు యంత్రాన్నే అనుమానించాడు. సర్వర్లు చక్కగా పలుకుతున్నాయి. ఆ ఒకటి పొద్దున్నే, రామేశ్వరమ్మ చేత్తోనే ఎక్కింది. యంత్రం తనకు అప్పజెప్పిన మాటను పొల్లుపోకుండా అందరికీ చెప్పింది. అప్పుడు ఆమెకే ఫోన్ చేశాడు.

"ఆ ఒకటి నేనే నాయనా," అంది రామేశ్వరమ్మ. "నాది గూడా ఓ నెగటివే. యాడా దొరక్క ఎవరన్నా వస్తే నేనే పండుకోని ఇస్తాంటి. పోయిన నెలలోనే ఉయ్యాలవాడ పిల్లకిస్తి. ఇంత బేగ మళ్లీ తీయకూడదంట. ఈ పొద్దు డాక్టరమ్మ కాళ్లు పట్టుకున్నా తీయల్యా."

మరి సున్నా పెట్టి ఉండొచ్చు కదా అంటే ఆమె చెప్పుకొచ్చింది. వాళ్లింట్లో బియ్యం డబ్బా అడుగంటినా ఆఖరి పిడికెడు తీయరు. లేవు అనే మాట నోట రానివ్వరు. అన్నం గింజకే అంత పట్టింపు ఉంటే, మనుషుల రక్తం దగ్గర సున్నా పెట్టడానికి ఆమెకు చేయి ఆడలేదు. అట్లా పెట్టిన ఒకటి, సంవత్సరాలుగా అట్లాగే ఉండిపోయింది.

నోటిదాకా వచ్చిన తిట్టును తిమోతి దిగమింగుకున్నాడు. తిట్టే టైము కూడా లేదు. ఏదైనా గ్రూపు సున్నాకు పడగానే, ఆ ఊరి చుట్టుపక్కల పేర్లిచ్చిన ఆ గ్రూపు దాతలందరి ఫోన్లూ యాప్ మోగిస్తుంది. ఒక్కటి మిగిలి ఉన్నా మోగించదు. ఆళ్లగడ్డలో ఓ నెగటివ్ ఎన్నడూ సున్నా కాలేదు. కాబట్టి అక్కడి దాతలకు ఎన్నడూ పిలుపు పోలేదు. పోనీ ఆ అంకెను తనే మార్చేద్దామా అంటే, ఆ ఊరి రక్తనిధి మనిషి తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేరు. దాతల నంబర్లు ఆఫీసులో ఎవరికీ కనపడవు. ఈ కట్టుబాట్లన్నీ పట్టుబట్టి పెట్టించింది తిమోతే.

"అక్కా, సున్నా పెట్టు," అన్నాడు.

రామేశ్వరమ్మ ఒప్పుకోలేదు.

"ఆడ ఆ బాలింత చావుబతుకుల్లో ఉంటే నా చేత్తో సున్నా పెట్టమంటావా? నా వల్ల కాదప్పా."

"ఆ బాలింత మా అక్క," అన్నాడు తిమోతి. "నువ్వు ఒకటని పెట్టినంత కాలం ఎవరూ రారక్కా. ఆడుండాదిలే అనుకుంటారు. నేనూ అట్లే అనుకుంటి. లేదని చెప్పు. చెప్తేనే వస్తారు."

తప్పు కాయి స్వామీ అని గొణుగుతూ ఆమె ఆ ఒకటిని సున్నా చేసింది. తిమోతి ముందున్న తెర ఎర్రబడి గణగణా మోగింది. పక్క బల్లల వాళ్లు ఉలిక్కిపడి చూశారు. ఎర్రరంగు చూసి సంతోషించడం అతని బతుకులో అదే మొదలు. ప్రభువా అని రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ఆళ్లగడ్డ బస్సు ఎక్కి అతను సగం దారిలో ఉండగానే రాజరత్నం కబురు చెప్పాడు. విగ్రహాలు చెక్కే ఒకాయన ఉలి పక్కన పెట్టి, తల నిండా రాతిపొడితోనే వచ్చాడట. ఆయన వెనకే ఒక కాలేజీ అమ్మాయి వచ్చిందట. పరీక్షలు చేసి, సరిపోయిందని చూసి రక్తం ఎక్కించారు. తిమోతి ఆసుపత్రికి చేరేసరికి రక్తస్రావం ఆగింది. గండం గడిచినట్టే అంది డాక్టరమ్మ. మగతగా ఉన్న అక్క పాదాలు పట్టుకుని కాసేపు ఏడ్చి, అక్కణ్ణించి రక్తనిధికి నడిచాడు.

రామేశ్వరమ్మ బయట మెట్టు మీద కూర్చుని ఉంది. మెట్ల ముందు ఇంకా బండ్లు వచ్చి ఆగుతున్నాయి. హెల్మెట్ తీసి, కావాల్నా అక్కా అని ఒకడు అడిగాడు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్లకు బురద. ఇప్పటికి చాలు, పేరు చెప్పిపో అని ఆమె అతన్ని పంపించింది. తిమోతిని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇంతమంది ఉండారని నాకు తెలీదు నాయనా," అంది. "నేనొక్కదాన్నే అనుకుంటాంటి. ఒంట్లో బాగలేని నాడు గూడా వచ్చి కూచుంటాంటి, నేను రాకుంటే ఎట్లని."

ఆమె అట్లా భయంభయంగా కూర్చున్న ప్రతి రోజూ నంద్యాలలో తిమోతి తెరమీద ఆళ్లగడ్డ పచ్చగా వెలిగింది, తను దాన్ని చూసి మురిసిపోయాడు. ఆ మాట ఆమెకు చెప్పలేక, పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.